వానలు చెప్పే మోకాలు

నేను నంద్యాలలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఏటా వాతావరణ పీడనం పాఠం వచ్చినప్పుడు ఒకే మాటతో మొదలుపెడతాను. "అరచెయ్యి చాపండి. ఇప్పుడు దాని మీద ఒక శనగల బస్తా ఉంది." పిల్లలు తమ అరచెయ్యి చూసుకుంటారు, పక్కవాడిది చూస్తారు, ఆ తర్వాత ఈమెకు ఎండదెబ్బ తగిలిందేమోనని నన్ను చూస్తారు. నేను చెప్పేది నిజమే. మన నెత్తి మీద ఆకాశం దాకా పేరుకున్న గాలి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో చొప్పున మనల్ని నొక్కుతూనే ఉంటుంది. అరచేతంత చోటికి సుమారు ఒక క్వింటా. ఒళ్ళంతటికీ లెక్క కడితే లారీ లోడు.

అయినా మనం అప్పడంలా ఎందుకు అణగడం లేదంటే, ఒళ్ళు కూడా తక్కువది కాదు. లోపలున్న నెత్తురు, నీరు, ఊపిరితిత్తుల్లో గాలి అన్నీ కలిసి అంతే జోరుగా బయటికి తోస్తుంటాయి. అత్తా కోడలూ సమవుజ్జీలైన ఇంట్లోలాగా ఏ గోడా పడిపోదు. ఈ మాట చెప్పాక వెనక బెంచీ నుంచి ఎవడో ఒకడు లేస్తాడు. "మేడం, నాలుగు పక్కలా అంత బరువుంటే మా వార్డెన్ పొట్ట ఎందుకు అణగలా మేడం?" ఆయన పొట్టలోంచి కూడా తోస్తుంది నాయనా, కూర్చో, అంటాను.

నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు చెవులు దిబ్బళ్ళు పడతాయి కదా, అది కూడా ఇదే తగాదా. పైకి పోయేకొద్దీ బయట గాలి పలచబడుతుంది, చెవి లోపలి గాలి మాత్రం కింద ఊరిదే. అది కర్ణభేరిని బయటికి తోస్తుంటుంది. ముక్కు వెనక నుంచి చెవిలోకి ఒక సన్నని గొట్టం ఉంటుంది. గుటక మింగితే అది తెరుచుకుని రాజీ కుదురుస్తుంది. ఒంటికి గాలితో ఇలాంటి రాజీలు రోజూ ఉంటాయి. మనకు తెలియకుండానే జరిగిపోతాయి కాబట్టి ఎవరికీ పట్టదు.

ఇంతవరకు పుస్తకంలో ఉంది. పుస్తకంలో లేనిది మా అమ్మ కుడి మోకాలు.

మా అమ్మా నాయనా ఆళ్లగడ్డలో ఉంటారు, రాతి విగ్రహాలు చెక్కే షెడ్లు దాటాక వచ్చే వీధిలో. మాకు కొంచెం నల్లరేగడి ఉంది. చలికాలం అందులో శనగ వేస్తాం. మాది క్రైస్తవ కుటుంబం. వీధి మొదట్లో ఎంతమంది దేవుళ్ళు తయారవుతున్నా మా నాయన నమ్మింది ఇద్దరినే: ఒకటి యేసుప్రభువు, రెండు అమ్మ కుడి మోకాలు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మాత్రం పంట కారును బట్టి మారేది.

దీనికంతటికీ మొదలు ఒక సాయంత్రం. శనగలు కల్లంలో కుప్ప పోసి ఉన్నాయి. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. అమ్మ గుమ్మంలో కూర్చుని మోకాలు రుద్దుకుంటూ, "మోకాలు గుంజుతాందయ్యా, వాన పడ్తాదేమో" అంది. నాయన ఆ రోజు ఏ మంచి మూడ్‌లో ఉన్నాడో, ఎదురు చెప్పకుండా పోయి కుప్ప మీద టార్పాలిన్ పట్ట కప్పి వచ్చాడు. తెల్లారేసరికి వాన దంచి పోయింది. చుట్టుపక్కల కల్లాలన్నీ తడిసి ముద్దయ్యాయి. మా శనగలు మాత్రం పట్ట కింద పొడిగా పడుకున్నాయి. అంతే. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. మా వీధిలో అందులో మొదటిది మా అమ్మ మోకాలికి తెలుసని తీర్మానమైపోయింది.

శనగ విత్తడం ఒక రకం జూదం. నేలలో పదును, అంటే తగినంత తడి, ఉన్నప్పుడే విత్తే గొర్రు కట్టాలి. విత్తిన వెంటనే పెద్ద వాన పడితే గింజ మురిగిపోతుంది. పడుతుందేమోనని ఆగితే పదును ఆరిపోతుంది. అందుకని ఆ రోజుల్లో మా ఇంట్లో కాఫీ కన్నా ముందు ఒక ప్రశ్న వచ్చేది. "ఏమంటాంది?" నాయన చూపు అమ్మ మొహం మీద కాదు, చీర కుచ్చిళ్ళ మీద ఉండేది. అమ్మ "గుంజుతాంది" అంటే ట్రాక్టరు వాడికి ఫోను పోయేది, ఈ పొద్దు వద్దని. "ఏమీ అంటల్యా" అంటే గొర్రు కదిలేది.

ఈ వైభవం మా ఇంటితో ఆగలేదు. మా చర్చి అయ్యగారు మంచివాడు, తెలివైనవాడు కూడా. వానలు ముఖం చాటేసిన ఏడాది ప్రత్యేక ప్రార్థన పెడతాడు. అయితే ఏ ఆదివారం పెట్టాలో ముందు మా ఇంటికొచ్చి కనుక్కుంటాడు. "అక్కా, ఈ వారం పెట్టేదా, వచ్చే వారం పెట్టేదా?" అమ్మ మోకాలి మీద చెయ్యేసుకుని ఆలోచించి, "వచ్చే వారం పెట్టయ్యా" అనేది. ఆయన ప్రార్థనలకు కోయిలకుంట్ల దాకా పేరొచ్చింది. బజారులో పట్టలమ్మే అంగడాయన ఉన్నాడు. ఆయన ప్రతి శనివారం పూజ చేసుకునే హిందువు, ప్రతి సోమవారం మా నాయనకు ఫోను చేసే భక్తుడు. "అన్నా, వదినకెట్లుంది?" ఆ మాట విని మొదట్లో నేను, ఎంత మంచి మనిషి, అమ్మ ఆరోగ్యం అడుగుతున్నాడు అనుకున్నాను. పట్టలు ఎన్ని తెప్పించాలో అడుగుతున్నాడని తర్వాత తెలిసింది.

మోకాలు చెప్పింది తప్పిన రోజులు లేకపోలేదు. అప్పుడు నాయన అసలు తడబడేవాడు కాదు. "రుద్రవరంలో పడింటాది లే" అనేవాడు. రుద్రవరంలో పడలేదని తెలిస్తే, "అయితే అడివిలో పడింటాది" అనేవాడు. మోకాలు తప్పు చెప్పదు, వానే దారి తప్పుతుంది. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టే వాళ్ళను చూశాను గానీ, మోకాలికీ మబ్బుకూ ముడిపెట్టి, ఆ ముడి మీద వ్యవసాయం చేసే మనిషిని మా నాయననే చూశాను.

ఇందులోకి నేనొచ్చి ఇంకా నెయ్యి పోశాను. ఒకసారి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు, చదువుకున్న గొంతుతో నాయనకు పాఠం చెప్పాను. వాన వచ్చే ముందు గాలి ఒత్తిడి కొంచెం పడిపోతుంది నాయనా. బయటి నుంచి నొక్కేది తగ్గితే లోపలి కండ, నీరు రవ్వంత ఉబ్బుతాయి. మంచి కీలుకు అది తెలియను కూడా తెలియదు. అరిగిన కీలులో అయితే నరాన్ని నొక్కొచ్చు. ఇది నిజమేనా కాదా అని డాక్టర్లలోనే ఇంకా తగవు తేలలేదు, అని కూడా చెప్పాను. నాయన మొదటి సగం మాత్రం విన్నాడు. ఆ సాయంత్రమే వీధి అరుగు మీద, "మా పాప కాలేజీలో ఇదే చెప్తాదంట. సైన్సు కూడా ఒప్పుకునింది" అని చాటింపు వేశాడు.

నాకు మండింది. నా ఫోనులో గాలి ఒత్తిడి కొలిచే సాధనం ఉంది. తీసి ముందు పెట్టాను. "ఇది మిల్లీబార్లలో చెప్తుంది నాయనా. ఒత్తిడి పడిపోతే అంకె తగ్గుతుంది. అమ్మను అడగాల్సిన పనే లేదు." నాయన ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి నొప్పుంటాదా?" అన్నాడు.

"ఫోనుకు నొప్పేంది నాయనా?"

"నొప్పి లేందానికి ఏం తెలుస్తాది పాపా?" అని తిరిగి ఇచ్చేశాడు. ఫిజిక్సులో డిగ్రీల మీద డిగ్రీలు చేసిన నేను ఫోను తీసి సంచిలో వేసుకున్నాను.

ఇక ఆ మోకాలు మోస్తున్న మనిషి సంగతి. అమ్మ మెట్లు దిగేటప్పుడు పీతలా పక్కకు తిరిగి దిగేది. స్నానాల గదిలో బకెట్టు బోర్లించుకుని కూర్చునేది. చర్చిలో ఆమె ఉన్న బెంచీ ఏదో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు, నొప్పుల మందు వాసన అంతగా వచ్చేది. ప్రభురాత్రి భోజనానికి అందరూ ముందుకు పోయి మోకరిస్తే, అమ్మ వంగలేదు కాబట్టి అయ్యగారే రొట్టె, గిన్నె పట్టుకుని ఆమె బెంచీ దగ్గరికి నడిచొచ్చేవాడు. వాన సమాచారం ఎలాగూ అక్కడే దొరుకుతుంది కదా, ఆయనకు రెండు పనులూ అయ్యేవి.

అమ్మకు ఒకటే ఆశ, బస్సెక్కడం. తనంతట తానే ఆళ్లగడ్డ బస్టాండులో బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, నంద్యాలలో మా ఇంటికి రావడం. ఆడవాళ్ళకు బస్సు టికెట్టు లేకుండా ఊరికే అయిన ఏడాదే ఆమె మోకాలు బస్సు మెట్టు ఎక్కనని మొండికేసింది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ పని ఉన్నా లేకున్నా అటు కర్నూలు, ఇటు కడప తిరిగొస్తుంటే ఈమె గుమ్మంలో కూర్చుని వాళ్ళు చెప్పే కబుర్లు వినేది. నా దగ్గరికి రావాలంటే నాయన కారు మాట్లాడాలి, నాయనకు తీరిక ఉండాలి, నాయన కూడా రావాలి. "ఒక్కదాన్నే రావల్లని నాకు" అని ఫోనులో అనేది. కారు పంపిస్తానంటే వద్దనేది. ఆమెకు కావలసింది నంద్యాల కాదు, ఆ మెట్టు.

చివరికి నేనే పట్టుబట్టి నంద్యాలలో ఎముకల డాక్టరుకు చూపించాను. ఆయన ఎక్స్‌రే వెలుగుకు పట్టి, "మధ్యలో ఉండాల్సిన మెత్తటి పొర లేదమ్మా. ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. కీలు మార్చాల్సిందే" అన్నాడు. అమ్మ వెంటనే "మార్చండి సార్" అంది. అంత వేగంగా ఆమె జవాబు చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు.

నాయన గొంతు సవరించుకున్నాడు. "కొత్తది వాన చెప్తాదా సార్?"

డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీది అస్థిపంజరం బొమ్మ వైపు చూశాను. సంగతంతా విన్నాక ఆయన, "లోహం పెద్దాయనా, తుప్పు కూడా పట్టదు, ఇంక వానేం చెప్తుంది?" అన్నాడు. నాయన ముఖం వాడిపోయింది. విత్తనం అయినాక చేయిద్దాం సార్, అన్నాడు. అదీ న్యాయమే అనిపించి ఒప్పుకున్నాను.

విత్తనం అయింది. పైరు పూతకొచ్చింది, ఇప్పుడు మబ్బు పడితే పురుగొస్తుంది, ముందు తెలియాలి. పూత అయింది. కోత దగ్గరికొచ్చింది, కల్లంలో కుప్పలుంటాయి. కోత అయింది. ఎండలు ముదిరాయి, ఎండల్లో కుట్లు మానవు. ఎండలు పోయాయి. తొలకరి వస్తోంది, ఇప్పుడెట్ల. మా నాయన చెడ్డవాడు కాదు, ఇది రాసి పెట్టుకోండి. అమ్మకు కాఫీ ఆయనే కలిపిస్తాడు. మందు ఆయనే తెచ్చిస్తాడు. కానీ ఆ మోకాలిని చూస్తే ఆయనకు ఊరంతా తనను పలకరించే కారణం కనబడేది. దాన్ని తీసి చెత్తబుట్టలో వేస్తారంటే ప్రాణం ఒప్పేది కాదు. నాకు మాత్రం ఫోను పెట్టేసిన ప్రతిసారీ గోడకు తల కొట్టుకోవాలనిపించేది.

మళ్ళీ శనగ కారు వచ్చింది. ఆ వారం నేను ఆళ్లగడ్డలోనే ఉన్నాను. ఈసారి ఎలాగైనా ఆపరేషన్ చేయిస్తానని నేను గొడవ పెట్టుకుంటే, నాయన అరుగు మీద పంచాయతీ పెట్టాడు. అయ్యగారు వచ్చాడు, పట్టల అంగడాయన వచ్చాడు.

"ఎడమ మోకాలు ఏమీ చెప్పదా అన్నా?" అంగడాయన అడిగాడు.

"దానికేం తెల్దప్పా. అది మామూలుది."

"నిదానంగా నేర్చుకుంటాదేమో?"

అయ్యగారు నవ్వబోయి నాయన ముఖం చూసి ఆగాడు. "ఈ ఒక్క కారు చూసి చేయిద్దామన్నా, దేవుడు సాయం చేస్తాడు" అన్నాడు. లోపల అమ్మ వెల్లుల్లి ఒలుస్తోంది. ఒలుస్తూనే, "నేను బస్సెక్కల్ల" అంది. పెద్దగానే అంది, నాకు వినబడింది. అరుగు మీద అప్పటికి ముగ్గురూ తలలెత్తి తూర్పున ఒక మబ్బు తునకను చూస్తున్నారు.

ఆ మర్నాడు నాయన తనంతట తానే డాక్టరు దగ్గరికి పోదామన్నాడు. కారు కూడా తనే మాట్లాడాడు. నా గొడవ పనిచేసిందని మురిసిపోయాను. ఆసుపత్రిలో ముగ్గురం కూర్చున్నాక ఆయన ముందుకు వంగి అడిగింది ఇది.

"ఒక సూది ఏయండి సార్, ఈ విత్తనం అయ్యేదాకా. మరీ మొద్దుబారేట్టు వద్దు. నొప్పి కొంచెం ఉండల్ల. అది తెలిస్తే చాలు."

నోరు తెరిస్తే తండ్రిని తిట్టిన పాపం చుట్టుకుంటుందని మూసుకున్నాను. డాక్టరు నాయన్ని వదిలేసి అమ్మ వైపు కుర్చీ తిప్పుకున్నాడు.

"అమ్మా, వాన ముందు నొస్తుంది, సరే. వాన లేని రోజు ఎట్లుంటుంది?"

ఇంత చిన్న ప్రశ్న. అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"రోజూ నొస్తాది సార్."

"రోజూ అంటే?"

"పొద్దున లేస్తానే నొస్తాది. కూచుంటే నొస్తాది, లేస్తే నొస్తాది. పండుకున్యా నొస్తాది. వాన ముందర కొంచెం జాస్తి." గడ్డంతో నాయన్నీ నన్నూ చూపించింది. "వీళ్ళు ఆ జాస్తి ఒకటే అడుగుతారు."

డాక్టరు మెల్లగా, "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?" అన్నాడు.

"చెప్పినా సార్. నొస్తాంది అంటే ఊ అన్యారు. వాన అంటే లేసి కూచున్యారు." కోపంగా కాదు, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. "అందుకే వాన అని చెప్తా వచ్చినా."

నాయన చేతిలో పాత ఎక్స్‌రే కవరు ఉంది. దాన్ని తెరవబోయి, తెరవకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎప్పుడు చేస్తారు సార్?" అన్నాడు.

"విత్తనం అయ్యాక అన్నారు కదా పెద్దాయనా."

"విత్తనం నేను సూసుకుంటా. మీరు తొందరగా చేయండి."

ఆ వారమే ఆపరేషన్ అయింది. పదును పొలంలో ఆరుతూ ఉంది, నాయన ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఉన్నాడు. పట్టల అంగడాయన ఫోను చేశాడు, "అన్నా, వదినకెట్లుంది?" అని. నాయన "తీసేసినారప్పా" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. అయ్యగారు అరటిపళ్ళు తెచ్చి, మంచం పక్కన నిలబడి చిన్న ప్రార్థన చేశాడు. వాన ప్రస్తావన తేలేదు. అలవాటు తప్పిన మనిషిలా ప్రార్థన మధ్యలో రెండుసార్లు ఆగాడు.

మర్నాడు నర్సమ్మ వచ్చి వాకర్ పట్టుకుని నడవాలంది. అమ్మ మంచం దిగి, కొత్త కాలు నేల మీద పెట్టి, గట్టిగా కేక పెట్టింది. మా అమ్మ కేక పెట్టడం నేను అంతకు ముందు వినలేదు. వార్డులో పక్క మంచాల వాళ్ళు తలలెత్తారు. నర్సమ్మ, "ఏం కాదమ్మా, మొదట్లో ఇట్లే ఉంటుంది, అరుచుకో" అంది. అమ్మ ఇంకా అరిచింది. ఎన్నేళ్ళవి దాచిపెట్టుకుందో.

నాయన పరిగెత్తుకొచ్చి ఆమె చంక కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. బయట కిటికీ అవతల అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఆయన అటు తిరగలేదు.

"నొస్తాందా?" అన్నాడు.

"నొస్తాంది."

"యాడ?"

అమ్మ ఒక క్షణం ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత వాకర్ మీది నుంచి ఒక చెయ్యి తీసి, కట్టు పక్కన వేలు పెట్టి చూపించింది.